రెండు పుస్తకాల్లో ఒకే బిడ్డ

"సాంత క్లారా మీదుగా వచ్చాను" అని జొవెలిన్ అన్న దగ్గర పోయిన వారం ఆగాం. ఆ మాటలో ఏముందో అక్కడున్నవాళ్ళలో ఇద్దరికే తెలుసు. అన్నది జొవెలిన్, విన్నది ఆమె తల్లి క్రిస్పీనా. మిగతా పిల్లలంతా పెద్దక్క సెబూ పట్నం నుంచి తెచ్చిన రొట్టెల సంచీ చుట్టూ మూగి ఉన్నారు. అందరికంటే చిన్నది, ఎనిమిదేళ్ళ ఐజెల్, ఒక రొట్టె నోట్లోనూ ఇంకోటి జేబులోనూ పెట్టుకుని, ఆదివారం తను వేసుకోబోయే తెల్లగౌను గురించి అక్కకి చెప్పుకుపోతోంది.

ఆదివారం ఐజెల్ తొలి దివ్యసత్ప్రసాదం పుచ్చుకోవాలి. అందుకు జ్ఞానస్నాన పత్రం కావాలి. గుళ్ళో పిల్లలకి జపాలు నేర్పే ఉపదేశి పెట్రోనిల రెండు నెలలుగా అడుగుతోంది. క్రిస్పీనా ఒకసారి ఎలుకలు కొట్టేశాయంది, ఇంకోసారి వానకి తడిసి ముద్దయిపోయిందంది. ఎనిమిదిమంది పిల్లల పత్రాలు ఒకే రేకుడబ్బాలో భద్రంగా ఉండగా తొమ్మిదోదాని పత్రాన్ని మాత్రం ఎలుకలు ఏరి కొట్టేయడం పెట్రోనిలకి వింతగానే తోచింది. అయినా శనివారం పొద్దుటికల్లా ఎలాగైనా తెప్పించమంది.

ఇవాళ శుక్రవారం. శుక్రవారమంటే క్రిస్పీనాకి చాకిరేవు.

తుబోద్ ఊళ్ళో కొబ్బరితోటల కింద, ముప్ఫై మెట్లు దిగితే ఊట ఉంది. తెల్లారి భర్త ఫౌస్టో కల్లు దించడానికి మొదటి చెట్టు ఎక్కేవేళకి క్రిస్పీనా రెండు గంపల బట్టలతో అక్కడికి దిగుతుంది. ఆ బట్టల్లో కొత్తవి తక్కువ. ఒక చొక్కా రెండోవాడి ఒంటిమీద మొదలై, నాలుగోవాడి దగ్గర మోచేతులు చిరిగి, ఏడోవాడి దగ్గర చేతుల్లేనిదైపోయి, చివరికి గిన్నెలు దించుకునే మసిగుడ్డ అవుతుంది. ఇన్నేళ్ళలో ఆమె పారేసిన గుడ్డ లేదు.

తొమ్మండుగురు పిల్లల తల్లికి లోకం ఊరికే ఇచ్చేవి సలహాలు. పిల్లలు ఎక్కువైతే పెంపకం పలచబడుతుందని చెప్పడానికి వచ్చినవాళ్ళకి ఒక్కరో ఇద్దరో ఉంటారు. క్రిస్పీనా వాళ్ళతో వాదించదు. ఆమె చట్టాలు ఆమెకున్నాయి. ఇంట్లో ఏదైనా పగిలితే ఎవరు పగలగొట్టారని అడగకూడదు, ఎవరు చూశారని అడగాలి. అప్పుడు పగలగొట్టినవాడు తప్ప అందరూ నోరు విప్పుతారు. గుడ్డు ఒక్కటే ఉంటే ఒక్కరికి పెట్టకూడదు, గిలక్కొట్టి మొక్కజొన్న నూకలో కలిపేయాలి. ముద్దు చేస్తే అందరినీ చేయాలి. అంత తీరిక ఏ తల్లికీ ఉండదు గనక అందరినీ సమానంగా కసురుకుంటూ ఉండాలి. ఈ చట్టాలతోనే ఆమె ఎనిమిదిమందిని పెంచింది. తొమ్మిదోదాని దగ్గరికొచ్చేసరికి ఒక్కొక్కటీ తనే తప్పింది.

ఇవాళ పిలవకుండానే జొవెలిన్ వెనకాల దిగి వచ్చింది. ఇరవయ్యారేళ్ళ పిల్ల. చీలమండలు నీళ్ళలో పెట్టి, చిన్నప్పుడు కూర్చున్న రాయి మీదే కూర్చుని, చిన్నప్పటిలాగే బరువైన దుప్పట్లు తనవైపు లాక్కుంది.

"ఏం తెచ్చావు అక్కణ్ణించి?" అంది క్రిస్పీనా, తల ఎత్తకుండా.

"తెలిసి అడుగుతావేంటమ్మా? కాయితం తెచ్చాను."

"నిన్నెవరు తెమ్మన్నారే?"

"ఎవరూ తెమ్మనలేదు. ఎవరూ తెచ్చేలా లేరని తెచ్చాను."

"ఏదీ, ఇలా ఇవ్వు."

"ఇస్తాను. ముందు నా మాట విను."

ఆ కాయితం సంగతి పాఠకులకి చెప్పాలి. తొమ్మిదేళ్ళ కిందట, పదిహేడేళ్ళ జొవెలిన్‌కి పెళ్ళి కాకుండానే నెల తప్పింది. ఎవరని తల్లి అడిగింది, కొట్టింది, ఏడ్చింది. పిల్ల పెదవి విప్పలేదు. నాలుగో నెల వచ్చేసరికి క్రిస్పీనా ఫౌస్టోకి ఒక్కడికే నిజం చెప్పి, కూతుర్ని ఇల్లు కదలనీయకుండా, తన పొట్ట మీద గుడ్డల మూట కట్టుకుని ఊళ్ళో తిరగడం మొదలుపెట్టింది. నెలనెలా రెండు గుడ్డలు కలిపి మూట పెంచింది. ఎనిమిది కాన్పులు చూసిన ఊరికి తొమ్మిదో కాన్పు వార్తే కాలేదు. ఇంకో ఇంట్లో అయితే పట్టుబడిపోయే అబద్ధం ఆ ఇంట్లో జనంలో కలిసిపోయింది. ఈసారి కాన్పు కష్టమంటున్నారనీ, సాయానికి పెద్దదాన్ని తీసుకెళ్తున్నాననీ చెప్పి, ద్వీపానికి అవతలి కొసన సాంత క్లారా రేవులో ఉన్న పిన్ని ఇంటికి కూతురితో వెళ్ళింది. రెండున్నర నెలలకి ఒళ్ళో ఐజెల్‌తో తిరిగొచ్చింది.

మునిసిపాలిటీ పుస్తకంలో తల్లి పేరు క్రిస్పీనా అని రాయించింది. గుమాస్తా అడిగాడు, చెప్పింది, రాసుకున్నాడు. ఆ అబద్ధానికి ఆమెకి ఒక్కరాత్రి కూడా నిద్ర చెడలేదు. కాని గుళ్ళో ముసలి ఫాదర్ బిడ్డ నెత్తిన నీళ్ళు పోసి, పుస్తకం తెరిచి "తల్లి పేరమ్మా?" అన్నప్పుడు ఆమెకి నోరు పెగల్లేదు. పక్కనున్న కూతుర్ని చూపించింది. సర్కారుకి అబద్ధం చెప్పవచ్చు, దేవుడి పుస్తకంలో రాయించకూడదనుకుంది. సాంత క్లారాకి వచ్చి ఆ పుస్తకం చూసేదెవరులే అని కూడా అనుకుంది. ఏడెనిమిదేళ్ళకి తొలి సత్ప్రసాదం వస్తుందనీ, అప్పుడు ఆ పుస్తకమే అడుగుతారనీ ఎనిమిదిమందికి ఆ వేడుక చేసిన తల్లి మరిచిపోయింది.

"ఆదివారం దాని వెనకాల కొవ్వొత్తి నేను పట్టుకుంటానమ్మా" అంది జొవెలిన్.

క్రిస్పీనా చేతిలోని బాదుడుకర్ర గాలిలోనే ఆగింది. ఆ ఊరి గుళ్ళో ఉపదేశి ఒక్కొక్క బిడ్డ పేరూ, తల్లి పేరూ కాయితం చూసి చదువుతుంది. బిడ్డ ముందు, వెలిగించిన కొవ్వొత్తితో తల్లి వెనక నడుస్తారు.

"అక్కవి నువ్వు పట్టుకుంటే ఊరేమనుకుంటుంది?"

"అక్కని కాను కాబట్టే పట్టుకుంటానంటున్నా."

"నోరు మూసుకో. ఎవరైనా వింటారు."

"విననీ. రొనెల్‌కి చెప్పేశాను. నన్ను చేసుకోబోయేవాడికి పెళ్ళికి ముందే అన్నీ తెలియాలని చెప్పాను. అంతా విని ఏమన్నాడో తెలుసా? పిల్లకి ఏ రంగంటే ఇష్టం అని అడిగాడు. గది గోడలకి రంగు వేయిస్తాడట. నాకు తెలిస్తేగా చెప్పడానికి! నా కూతురికి ఏ రంగు ఇష్టమో నాకు తెలీదమ్మా."

"పసుపు" అంది క్రిస్పీనా టక్కున. అన్నాక తనే నొచ్చుకుంది. ఆ నొప్పి కోపమై బయటికొచ్చింది. "ఎందుకు తెలుస్తుంది నీకు? ఎనిమిదేళ్ళూ దాని జ్వరాలకి మేలుకున్నది నేను. దాని పళ్ళు ఊడితే దాచింది నేను. నీ కోసం గుడ్డల మూట కట్టుకు తిరిగాను. మీ నాన్న చెట్టెక్కుతుంటే కిందనుంచి 'ఏం ఫౌస్టో, ఇంకా ఎక్కడం మానలేదా' అని ఎన్నెన్ని కూతలు కూశారో నీకేం తెలుసు? ఆ సిగ్గంతా నేను మింగాను. నీకు మచ్చ రాకూడదని మింగాను. ఇవాళ మొగుడు దొరికాడని వచ్చి బిడ్డనిమ్మంటావా? అదేమన్నా అరువిచ్చిన చాటా?"

జొవెలిన్ దుప్పటి ఒక కొస తల్లి చేతికిచ్చి, రెండో కొస తను పట్టుకుని పిండడం మొదలుపెట్టింది. ఇద్దరూ చెరో వైపు మెలితిప్పుతున్నారు. నీళ్ళు రాళ్ళ మీద కారుతున్నాయి.

"నేను నలుగురిని చంకనేసుకుని పెంచానమ్మా" అంది నెమ్మదిగా. "ఏడేళ్ళప్పట్నుంచీ. బడికి తమ్ముణ్ణి ఎత్తుకుని వెళ్ళేదాన్ని, గుర్తుందా? నా రాతపుస్తకం మీద వాడి ఉచ్చ మరకలు. మేష్టారు నన్ను గుమ్మం దగ్గర కూర్చోబెట్టేవాడు, వాడు ఏడిస్తే బయటికి పోవడానికి వీలుగా ఉంటుందని. ఒక్కసారైనా నాకొద్దు అన్నానా? నీ నలుగురు పిల్లల్ని పెంచడానికి పనికొచ్చినదాన్ని, నాకంటూ ఒక్కత్తి పుడితే పెంచుకోడానికి పనికిరాకపోయానా?"

"అప్పుడు నువ్వు చిన్నపిల్లవే."

"నలుగుర్ని మోసేటప్పుడు కాదా చిన్నపిల్లని?"

క్రిస్పీనా దుప్పటిని ఇంకో మెలిక తిప్పింది.

"నలభయ్యో రోజున నన్ను సెబూ ఓడెక్కించావు. రొమ్ములకి గుడ్డ బిగించి కట్టి ఎక్కించావు. ఓడలో అది ఎన్నిసార్లు తడిసిందో నాకు తెలుసు. ఏడాదికోసారి వస్తున్నా. అది నన్ను అక్కా అంటే ఊఁ అంటున్నా. పోయిన క్రిస్మస్‌కి దానికొక్కదానికే గుడ్డు ఉడకబెట్టి పెట్టావు చూడు, మా ఎవరికీ ఎప్పుడూ పెట్టలేదు అలా. అది చూసి కుళ్ళుకోలేదమ్మా. నా బదులు కూడా ప్రేమిస్తోందిలే అనుకున్నాను. కాని ఒక్కటడుగుతా. నువ్వు నన్ను అడిగావా? బిడ్డని నాకిస్తావా జొవెలిన్ అని ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, అడిగావా?"

లేదు. అడగలేదు. పెద్ద సంసారంలో అడగడమనేది ఉండదు, పురమాయించడమే. నువ్వు నీళ్ళు తే, నువ్వు తమ్ముణ్ణి ఎత్తుకో, నువ్వు ఓడెక్కు. అలా పురమాయించకపోతే పూట గడవదని క్రిస్పీనా ఈనాటికీ నమ్ముతుంది. నీళ్ళు తెమ్మన్న గొంతుతోనే బిడ్డని ఇచ్చేయమన్నానని మాత్రం ఆమెకి ఇప్పుడే తెలిసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దుప్పటి గంపలో పడేసి, చేతులు గౌనుకి తుడుచుకుని చాచింది.

"ఇవ్వు. చూస్తాను."

జొవెలిన్ నడుముకి దోపుకున్న ప్లాస్టిక్ సంచీలోంచి మడత కాయితం తీసి ఇచ్చింది. ఆ క్షణంలో క్రిస్పీనా మనసులో ఏముందో దాచకుండా చెప్పాలి. చింపేద్దామనే ఉంది. పక్కనే పారే నీళ్ళున్నాయి. తల్లి పేరు దగ్గర ఏముందో ఆమెకి చూడనక్కర్లేదు. అయినా చదివింది. బిడ్డ పేరు, పుట్టిన రోజు, తల్లి జొవెలిన్. ఆ కింద తండ్రి పేరు దగ్గర గీత ఉంటుందనుకుంది. గీత లేదు.

ఎలీసెయో, తుబోద్ వాసి, మరణించారు.

"ఇదెవరు రాయించారు?"

"నేనే. నువ్వు కొవ్వొత్తి కొనడానికి బయటికెళ్ళినప్పుడు. పెళ్ళి కాలేదు గనక రాయకూడదన్నారు ఫాదర్. ఆయన చచ్చిపోయాడండీ, ఇంకెక్కడా ఆయన పేరు ఉండదండీ అని ఏడ్చాను. ఫాదర్ కాసేపు కలం పట్టుకుని కూర్చుని, రాశారు."

తుబోద్‌లో ఎలీసెయో ఒక్కడే. ఉపదేశి పెట్రోనిల కొడుకు. ఆమెకున్న ఒక్క కొడుకు.

జొవెలిన్ నెల తప్పిన ఆ ఏడు తుపానుకి మూడు పడవలు తిరిగి రాలేదు. ఎలీసెయోకి అప్పుడు ఇరవై ఏళ్ళు. పెట్రోనిల పదకొండు రోజులు ఒడ్డున కూర్చుంది. ఆమెకి రోజూ గంజి కాచి తీసుకెళ్ళింది క్రిస్పీనాయే, పొట్ట మీద మూటతో. అంతకుముందు పెట్రోనిల ఒంటి కాపురం చూసి, ఒక్క బిడ్డ తల్లికి తల్లితనం ఏం తెలుస్తుందిలే అని క్రిస్పీనా లోపల్లోపల చులకన చేసిన మాట నిజం. పదకొండో రోజున పెట్రోనిల తల తెచ్చి ఆ మూట మీదే ఆనించి, "దేవుడు నీకు తొమ్మిదోది ఇస్తున్నాడు, నాకున్న ఒక్కణ్ణీ తీసుకున్నాడు. ఈ లెక్క ఏ బడిలో నేర్చుకున్నాడో" అంది. క్రిస్పీనా ఆమె తల నిమిరింది. గుడ్డల మూట ఎక్కడ జారిపోతుందోనని రెండో చేత్తో పట్టుకుని మరీ నిమిరింది. అసలు బిడ్డ అప్పుడు వంటింట్లో కట్టెలపొయ్యి ఊదుతున్న జొవెలిన్ కడుపులో ఉంది.

"నాకెందుకు చెప్పలేదే?" అంది క్రిస్పీనా. గొంతులో కోపం లేదు.

"చెబుదామనుకున్న వారమే పడవలు పోయాయి. తరవాత చెప్తే ఆవిడ బిడ్డని ఇమ్మంటుంది. నాకు నువ్వూ ఇవ్వవు, ఆవిడా ఇవ్వదు. నీ దగ్గరైతే కనీసం చూడ్డానికైనా వస్తాననుకున్నా."

పై మెట్ల మీద గొడుగు కనిపించింది. గొడుగు కింద పెట్రోనిల, ఆమె చెయ్యి పట్టుకుని ఐజెల్. గుళ్ళో ఆదివారం నడక అభ్యాసం చేయించి తీసుకొస్తోంది.

"క్రిస్పీనా! పెద్దది సాంత క్లారా మీదుగా వచ్చిందటగా? ఇదిగో, ఇది చెప్పింది. కాయితం వచ్చే ఉంటుందని నేనే వచ్చా. రేపు మళ్ళీ నీకు పనులు."

ఐజెల్ వచ్చి తల్లి తడి చెయ్యి తీసుకుని నుదుటికి ఆనించుకుంది. జొవెలిన్ వైపు తిరిగి పళ్ళికిలించింది. తల్లిదండ్రులకీ పెద్దలకీ చేసే ఆ మర్యాద అక్కలకి ఉండదు. "అక్కా, నేనే అందరికంటే బాగా నడిచానంట! ఉపదేశమ్మగారు చెప్పారు" అంది.

"నడిచావు గాని, పక్కపిల్ల కాలు తొక్కావు" అంది పెట్రోనిల.

కాయితం క్రిస్పీనా చేతిలో ఉంది. మడత పెట్టలేదు. పెట్రోనిల దాన్ని చూసింది.

"ఐజెల్, ఇంటికెళ్ళి ఇంకో సబ్బుబిళ్ళ తేమ్మా" అంది క్రిస్పీనా.

"ఇక్కడుందిగా!"

"చెప్పిన పని చెయ్యి."

పిల్ల గొణుక్కుంటూ మెట్లెక్కసాగింది. క్రిస్పీనా కూతురి వైపు తిరిగింది. పెట్రోనిల వింటోందని తెలుసు. అయినా గొంతు తగ్గించలేదు.

"చెప్పు ఇందాయ్. ఇవ్వనా? నువ్వు ఇవ్వమంటే ఇస్తాను. వద్దంటే ఇప్పుడే ఈ నీళ్ళలో వదిలేస్తాను. నీ బిడ్డ కాయితం. నిన్నే అడుగుతున్నా."

చిన్నప్పుడెప్పుడో మానేసిన ఆ ముద్దుపేరు విని జొవెలిన్ మొహం చెదిరిపోయింది. చేత్తో నోరు నొక్కుకుంది. ఆ చెయ్యి తీసి, "ఇవ్వమ్మా" అంది.

పెట్రోనిల ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఏమీ అడక్కుండా గొడుగు మూసి, కళ్ళజోడు తీసి పెట్టుకుంది. పిల్లలకి చదివి వినిపించే అలవాటు కొద్దీ వేలు పెట్టి పైకే చదివింది. "పేరు, ఐజెల్. పుట్టినది... సాంత క్లారా. తల్లి..." అక్కడ ఆగింది. కళ్ళజోడు పైనుంచి క్రిస్పీనాని చూసింది. ఊళ్ళో ఎన్నో ఇళ్ళ దుఃఖాలు విన్న మనిషి ఆమె. కేకలు పెట్టలేదు.

"ఈ ఎలుకలా క్రిస్పీనా?" అంది మెల్లగా. "పిచ్చిదానా, నాతో చెప్పకూడదూ? ఇలాంటివి ఎన్ని చూడలేదు నేను. ఆదివారం తల్లుల పేర్లు చదవడం మానేస్తాను, అంతేగా."

"కింద కూడా చదవండక్కా" అంది క్రిస్పీనా.

వేలు కింది వరసకి దిగింది. ఈసారి పైకి చదవలేదు. వేలు అక్కడే ఉండిపోయింది. పెదవులు ఒక పేరు పలికాయి గాని చప్పుడు రాలేదు. జొవెలిన్ నీళ్ళల్లోనే మోకాళ్ళ మీద కూర్చుండిపోయింది. పెట్రోనిల ఆమెని చూడలేదు, క్రిస్పీనానీ చూడలేదు. తలెత్తి మెట్లవైపు చూసింది. కుడికాలు కాస్త వంకరగా వేస్తూ, చేతులు ఊపుకుంటూ పైకి పోతున్న పిల్లని చూసింది. రెండేళ్ళుగా వారం వారం తన ముందు చాపమీద కూర్చుని జపాలు అప్పజెప్పిన పిల్లే. అయినా ఇప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

"దాన్ని వెనక్కి పిలు" అంది. ఆ గొంతు క్రిస్పీనా ఎప్పుడూ విన్నది కాదు. "క్రిస్పీనా, దాన్ని వెనక్కి పిలవమంటున్నా."

క్రిస్పీనా నోరు తెరిచింది. ఎనిమిదేళ్ళుగా రోజుకి పదిసార్లు పిలిచే పేరు గొంతు దాటి రాలేదు.

పిలిచింది జొవెలిన్.

"ఐజెల్!"

పిల్ల పై మెట్టు మీద ఆగి వెనక్కి తిరిగింది. ముగ్గురు ఆడవాళ్ళూ తననే చూస్తున్నారని తెలిసి నవ్వింది. "ఏంటక్కా?" అంటూ రెండేసి మెట్లు దూకుతూ కిందికి రాసాగింది.